వలెన్సియాలో స్పానిష్ క్లాసు: విశేషణాల వారం కోసమైనా చేరొచ్చు

మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉందామని వలెన్సియా వచ్చాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని, ఇంట్లో ఊరికే కూర్చోలేక రుసాఫా పేటలో ఒక చిన్న స్పానిష్ స్కూల్లో చేరాను. పేరు చెప్పను, కొంచెం తిట్టేది కూడా ఉంది. ఎనిమిది వారాలు, వారానికి రెండు సాయంత్రాలు, 180 యూరోలు. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూసుకోండి. పుస్తకమని ఇచ్చినవి జెరాక్స్ కాగితాలు. వాటిలో అక్షరాల మీద గీతలు సరిగ్గా పడలేదు. స్పానిష్‌లో ఆ గీత ఉండాల్సిన మాటకి లేకపోతే ఎక్కడ ఒత్తి పలకాలో తెలియదు.

మొదటి మూడు వారాలు పలకరింపులతో గడిచిపోయాయి. నాలుగో వారం విశేషణాలు మొదలయ్యాక నాకు నిద్రమత్తు వదిలింది.

టీచరమ్మ బోర్డు మీద బ్లాంకో, బ్లాంకా, బ్లాంకోస్, బ్లాంకాస్ అని రాసింది. తెలుపు ఒకటే, రూపాలు నాలుగు. పక్కన కూర్చున్న కొరియా కుర్రాడు తల పట్టుకున్నాడు. నాకు మాత్రం చిన్నప్పుడు బట్టీపట్టిన సంస్కృత సూత్రం గుర్తొచ్చింది: విశేష్యానికి ఏ లింగ వచన విభక్తులో విశేషణానికీ అవే. స్పానిష్‌కి తల్లి అయిన లాటిన్‌లోనూ అంతేనట. జనం నోట నలిగి విభక్తులు రాలిపోయాయి, నపుంసక లింగమూ పోయింది. మిగిలినవి ఈ నాలుగు. పచ్చదనానికి మాత్రం వెర్దే, వెర్దేస్ అని రెండే రూపాలు, ఎందుకంటే దాని తల్లి విరిదిస్‌కి లాటిన్‌లోనే స్త్రీ పుంలింగాలకు ఒకే రూపం. మన 'మంచి' ఎవరి ముందు పెట్టినా కదలదు. కానీ వాక్యం చివరికి తీసుకెళ్తే మంచివాడు, మంచిది, మంచివాళ్ళు అని మనమూ మారుస్తాం కదా! ఈ మాట ఆ కుర్రాడికి చెప్పాలనుకున్నాను, చెప్పేంత స్పానిష్ నాకు రాదు.

ఇక చోటు సంగతి. విశేషణం మామూలుగా నామవాచకం తర్వాత వస్తుంది. ముందుకొస్తే కొన్నిటికి అర్థమే మారుతుంది. ఇది నేను క్లాసులో కాదు, మెట్ల మీద నేర్చుకున్నాను. పై ఇంటి పెద్దావిడ కాలు విరిగిందని తెలిసి, ఎదురింటామెతో జాలిగా "ముఖేర్ పోబ్రే" అన్నాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి, "ఆవిడకి ఊళ్ళో రెండు ఫ్లాట్లున్నాయి" అంది. నేనన్నది 'పేదావిడ' అని. 'పాపం ఆవిడ' అనాలంటే పోబ్రే ముందుండాలి: పోబ్రే ముఖేర్. అలాగే బ్యేఖో అమీగో అంటే పాత స్నేహితుడు, అమీగో బ్యేఖో అంటే ముసలి స్నేహితుడు. మనం రెండు మాటలు వాడేచోట వాళ్ళు ఒకే మాటను అటూ ఇటూ జరుపుతారు.

మాటల పుట్టుక పాఠంలో లేదు. నేను అడిగితే టీచరమ్మ ఉత్సాహంగా ఒక సాయంత్రమంతా దానికే ఇచ్చింది. ఫీజులో సగం ఆ ఒక్క సాయంత్రానికే చెల్లిందనుకుంటాను. 'మంచి' అనే మాటకి లాటిన్ బోనుస్ ప్రకృతి, స్పానిష్ బ్వేనో వికృతి. నోవుస్ నుంచి న్వేబో (కొత్త), ఫోర్తిస్ నుంచి ఫ్వేర్తే (బలమైన). ఒత్తి పలికిన 'ఒ' చీలి 'వే' అయింది. ఆ ఒత్తు పక్కకు జరిగితే ఫోర్తీసిమో (చాలా బలమైన) అని పాత 'ఒ' మళ్ళీ కనిపిస్తుంది. బ్లాంకో లాటిన్ బిడ్డ కాదు, జర్మానిక్ తెగల మాట. అది వచ్చి లాటిన్ అల్బుస్‌ని నెట్టేసింది. ఆల్బా అనే మాట మాత్రం వేకువకు పేరుగా మిగిలింది. మనకూ తెల్లవారడంలో తెలుపుంది.

ఆ తర్వాత అన్యీల్ అని రాసింది. ముదురు నీలం. మన 'నీల' శబ్దమే పారసీకం మీదుగా అరబ్బీకి వెళ్ళి, ఇంగ్లీషు 'ది' లాంటి అక్కడి 'అల్' ముందు తగిలించుకుని 'అన్నీల్' అయి, స్పెయిన్‌లో అన్యీల్‌గా దిగింది. నారింజ రంగు నరాంఖా కూడా ఇటునుంచి వెళ్ళిన నారంగమే. పండు పేరు రంగైంది కాబట్టి చొక్కాలు ఎన్నున్నా దానికి బహువచనపు 'స్' చేర్చకపోయినా తప్పు కాదట. కిటికీ బయట వీధి పొడుగునా నారింజ చెట్లే. నాకు ఒక్కసారిగా ఊరు మీద చనువొచ్చింది.

వచ్చిన చిక్కల్లా సెర్, ఎస్తార్ దగ్గర. రెండూ 'ఉండు' లాంటివే. కానీ లిస్తో అనే మాట సెర్‌తో వస్తే తెలివైనవాడు, ఎస్తార్‌తో వస్తే సిద్ధంగా ఉన్నవాడు. ఇంత పెద్ద సంగతిని ఒక్క గంటలో చుట్టేశారు. ఇంకో వారం చెప్పమని అడిగితే, అది తర్వాతి లెవెల్లో ఉంటుందన్నారు. దానికి మళ్ళీ 180.