ఇంటి వర్క్‌షాపుకు రౌటర్ టేబుల్, లిఫ్టు: పాలమూరు, నల్లగొండ వైపు ఏవి నడుస్తాయి

రౌటర్ అంటే కట్టెలో గాడులు, అంచులు కోసే మెషీను. దాన్ని బల్ల కింద తలకిందులుగా బిగిస్తే రౌటర్ టేబుల్, దాని ఎత్తు మార్చే ఏర్పాటు లిఫ్టు. రౌటర్ టేబుల్ కోసం వెతికేవాళ్ల కన్ను ముందు లిఫ్టు మీదే పడుతుంది. పైనుంచి హ్యాండిల్ తిప్పితే కట్టెను కోసే బిట్టు వెంట్రుకవాసి చొప్పున లేస్తుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తీరా డబ్బు కట్టి తెప్పించుకున్నాక, ఇంట్లో ఉన్న రౌటర్ అందులో పట్టదు. పేరున్న లిఫ్టుల్లో ఎక్కువ భాగం అమెరికా రౌటర్ల కొలతకు చేసినవి. అక్కడి ఫిక్స్‌డ్ బేస్ రౌటర్లో మోటారు గుండ్రటి డబ్బాలా బేస్‌లోంచి ఊడి వస్తుంది, లిఫ్టు ఆ డబ్బానే బిగించి పట్టుకుంటుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ, మన నల్లగొండ, మహబూబ్‌నగర్ హార్డ్‌వేర్ షాపుల్లో గానీ దొరికేవి ఎక్కువగా ప్లంజ్ రౌటర్లు. వాటి మోటారు రెండు కడ్డీల మీద జారుతుంది. విప్పి లిఫ్టులో పెట్టేందుకు కుదరదు.

అందుకే ముందు రౌటర్ ఏదో తేల్చుకోండి, తర్వాత దాన్ని లేపే పద్ధతి, ఆ తర్వాతే బల్ల. లిఫ్టు వివరాల్లో మొదట చూడాల్సింది మోటారు వ్యాసం. పోర్టర్ కేబుల్ 7518 లాంటి పెద్ద మోటారు 4.2 అంగుళాలు, బాష్ 1617, డెవాల్ట్ 618 రకం 3.5 అంగుళాలు, మకీటా ఆర్‌టీ0700 లాంటి చిన్నవి 65 మి.మీ. "అన్ని రౌటర్లకూ సరిపోతుంది" అని రాసి ఉన్నా ఈ అంకె లేకపోతే కొనొద్దు. ఇంకో చిక్కు వోల్టేజీ. బాష్ 1617, డెవాల్ట్ 618, పోర్టర్ కేబుల్ 7518 అమెరికా మార్కెట్‌కు చేసినవి 120 వోల్టులవి. మన 230లో నేరుగా పెడితే కాలిపోతాయి. 2,000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చేయించి నడపొచ్చు గానీ, ఆ బరువు, ఆ ఖర్చు ఇంటి షాపుకు దండగ.

జెస్సెమ్, వుడ్‌పెకర్స్ లిఫ్టులు చాలా మంచి వస్తువులే. కానీ అక్కడే వందల డాలర్లు పలుకుతాయి, ఆపైన రవాణా, కస్టమ్స్. వాటికి సరిపోయే 230 వోల్టుల మోటారు మీ చేతిలో ముందే ఉంటే తప్ప అటు వెళ్లొద్దు.

ఇక్కడ నిజంగా నడిచే దారులు మూడు. చిన్న పనికి 65 మి.మీ. ట్రిమ్ రౌటర్, దానికి అల్యూమినియం చిన్న లిఫ్టు. 700 వాట్ల మోటారుతో 6 మి.మీ. గాడి, బీడింగ్, అంచుల గుండ్రం, కిచెన్ షట్టర్ల వెనక ప్లై దిగే గాడి, ఇవన్నీ శుభ్రంగా వస్తాయి. దర్వాజకు ఒకటిన్నర అంగుళం టేకు పట్టీలో ప్యానెల్ గాడి తీయాలంటే మాత్రం ఇది సరిపోదు. మోటారు వేగం పడిపోతుంది, బిట్టు కాలుతుంది, కట్టె నల్లబడుతుంది.

రెండోది, పైనుంచి తిప్పే ఏర్పాటు రౌటర్లోనే ఉన్నది తీసుకోవడం. ట్రైటన్ టీఆర్‌ఏ001 ఇందులో బాగా పేరున్నది. 2,400 వాట్లు, వేగం నిమిషానికి 8,000 నుంచి 21,000 చుట్ల దాకా, రౌటర్ వేలాడే ప్లేటు రంధ్రంలోంచి హ్యాండిల్ పెట్టి తిప్పొచ్చు. బిట్టును బిగించి పట్టుకునే కోలెట్‌ను పూర్తిగా పైకి తెస్తే షాఫ్ట్ తానే లాక్ అవుతుంది, ఒక్క స్పానర్‌తో బిట్టు మార్చొచ్చు. బల్లకు బిగించే ముందు ప్లంజ్ స్ప్రింగు తీసేయాలి, లేకపోతే హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది. ఒక ఇబ్బంది ఉంది: రౌటర్ స్విచ్ ఆఫ్‌లో ఉంటేనే కోలెట్ ఆ లాక్ దాకా లేస్తుంది. బయట స్టార్టర్ పెట్టుకుని లోపలి స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచుదామనుకుంటే, బిట్టు మార్చిన ప్రతిసారీ బల్ల కిందికి వంగాలి. కార్బన్ బ్రష్‌లు ఎక్కడ దొరుకుతాయో కొనేముందే అడిగి పెట్టుకోండి. బాష్ జీఎమ్‌ఎఫ్ 1600 సీఈ కూడా ఇదే కోవ. 1,600 వాట్లు, ప్లంజ్ బేస్‌తో పాటు ఫిక్స్‌డ్ బేస్ కూడా వస్తుంది. ఫిక్స్‌డ్ బేస్‌ను బల్ల కిందే వదిలేసి, మోటారును తీసి చేతిపనికి వాడుకోవచ్చు. ఇంటి షాపులో ఒకే రౌటర్ ఉండేవాళ్లకు నా ఓటు ఈ రకానికే.

మూడోది, చేతిలో ఉన్న ప్లంజ్ రౌటర్‌కు కింద స్క్రూ జాక్ చేయించడం. చాలామంది కారు కత్తెర జాక్ పెడతారు. పని చేస్తుంది, కానీ జాక్ కిందికి ఉన్నప్పుడు ఒక చుట్టుకు ఎక్కువ లేస్తుంది, పైకి పోయేకొద్దీ తక్కువ లేస్తుంది. చుట్లు లెక్కపెట్టి ఎత్తు పెట్టే వీలుండదు. దానికంటే ఫాల్స్ సీలింగ్‌కు వాడే థ్రెడ్ రాడ్ మేలు. ఎం10 రాడ్ ఒక చుట్టుకు సరిగ్గా 1.5 మి.మీ. లేపుతుంది, పావు చుట్టుకు 0.4 లోపే. బల్ల కాళ్ల మధ్య ఒక అడ్డపట్టీ వేసి, అందులో నట్టు కూర్చోబెట్టి, రాడ్ కొసకు ఒక మెత్త పెట్టి మోటారు తలను కిందనుంచి నెట్టాలి. రౌటర్ తలకిందులుగా ఉంటే గాలి లాగే జాలీ ఆ తల మీదే ఉంటుంది. మెత్త జాలీని మూసేస్తే మన మే నెల ఎండకు మోటారు పావుగంటలో పట్టలేనంత వేడెక్కుతుంది. మెత్తకూ మోటారు తలకూ మధ్య మూడు చిన్న కాళ్లు పెట్టి గాలికి దారి వదలండి. ఈ పద్ధతిలో స్ప్రింగు తీయొద్దు. స్ప్రింగు తోపు, రౌటర్ బరువు రెండూ కిందికే కాబట్టి నట్టులో ఉండే వదులు అంతా పోతుంది. ఎత్తు కుదిరాక ప్లంజ్ లాక్ బిగించడం మరవొద్దు, అదురుకు బిట్టు దిగిపోతుంది.

త్రీడీ ప్రింటర్‌కు వాడే 8 మి.మీ. స్క్రూలు ఆన్‌లైన్లో చవకగా వస్తున్నాయని కొందరు అవే పెడుతున్నారు. ఎక్కువగా దొరికేది ఒక చుట్టుకు 8 మి.మీ. నడిచే నాలుగు మరల రకం. అంత ఏటవాలు మరకు బరువు ఆగదు, మెషీను అదిరితే హ్యాండిల్ తనంతట తానే తిరిగి కిందికి జారుతుంది. చుట్టుకు 2 మి.మీ. నడిచే ఒంటి మర స్క్రూ అని అడిగి తీసుకోండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పుణ్యమా అని లేతు పనికి కొదవ లేదు, ఇత్తడి నట్టు అక్కడే కోయించుకోవచ్చు.

ఏ లిఫ్టైనా ఇంటికి వచ్చిన రోజే ఈ పరీక్ష చేయండి. ఫెన్స్ (కట్టెను ఆనించి నడిపే అడ్డం) బిగించి, 6 మి.మీ. స్ట్రెయిట్ బిట్టుతో ఒక ముక్కలో 4 మి.మీ. లోతు గాడి తీయండి. ఫెన్స్ ముట్టుకోకుండా బిట్టును 8 మి.మీ.కు లేపి, లాక్ చేసి, అదే ముక్కను మళ్లీ అదే గాడి మీద నడపండి. గాడి మూతి దగ్గర వెర్నియర్ పెడితే వెడల్పు మొదటిసారి ఎంత ఉందో అంతే ఉండాలి. 0.2 పెరిగిందంటే లిఫ్టు లేస్తూ పక్కకు వాలుతోందని అర్థం. కొత్తదైతే వెంటనే తిరిగి పంపండి, పాతదైతే రాడ్ల మీద జారే బుష్‌లు చూడండి. ఫెన్స్ పొడవునా వాలితే గాడికి నష్టం లేదు, ఫెన్స్ వైపు గానీ మన వైపు గానీ వాలడమే ప్రమాదం. లాక్ సంగతి కూడా చూడాలి. చవక లిఫ్టుల్లో లాక్ బిగించగానే బిట్టు కొంచెం కదులుతుంది. బిగించక ముందు, బిగించాక ఎత్తు కొలిచి చూస్తే తెలిసిపోతుంది. ఇక లిఫ్టు రాడ్లకు నూనె పెట్టొద్దు. నూనె, రంపపు పొట్టు కలిస్తే బంకవుతుంది. మైనం రుద్దితే చాలు.

బల్ల పైభాగానికి 18 మి.మీ. ఎమ్‌డీఎఫ్ రెండు పొరలు అతికిస్తే 36 మి.మీ. దిట్టంగా వస్తుంది. సన్‌మైకా పైన మాత్రమే వేసి వదిలేస్తే ఎండాకాలం 44, 45 డిగ్రీలు చూసి, జూలై తేమ చూసేసరికి బల్ల వంగి తీరుతుంది. పై ముఖం తేమ తాగదు, కింది ముఖం తాగుతుంది, వంపు అక్కడే మొదలు. కిందా అదే సన్‌మైకా వేయాలి, ప్లేటు కోసం కోసిన అంచులకు కూడా వార్నిష్ పట్టించాలి. పెద్ద రౌటర్, లిఫ్టు కలిసి పది కిలోల దాకా తూగుతాయి కాబట్టి కోసిన రంధ్రానికి రెండు పక్కలా పట్టీలు నిలువుగా వేయండి, పడుకోబెట్టి వేస్తే మధ్యలో బల్ల కుంగుతుంది.

ప్లేటుకు 9 నుంచి 10 మి.మీ. అల్యూమినియం అన్నిటికన్నా మంచిది. వైండింగ్ షాపులకు తెలిసిన హైలం షీటు 12 మి.మీ.ది కూడా నిలబడుతుంది, కోయడం తేలిక. యాక్రిలిక్ వద్దు, రౌటర్ వేలాడి వేలాడి కొన్ని నెలలకు గిన్నెలా పల్లం పడుతుంది. కొన్న ప్లేట్లలో ఎక్కువగా కనిపించే కొలత తొమ్మిదింబావు అంగుళాలు, పదకొండుముప్పావు అంగుళాలు, అంటే 235 బై 298 మి.మీ. ప్లేటు చేతికి వచ్చాకే రంధ్రం కోయండి.

ప్లేటు మట్టం చూడ్డానికి జిరాక్స్ కాగితం చాలు, ఒక్క కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. వంకర లేని ఉక్కు స్కేలును ప్లేటు, బల్ల కలిసే చోట అడ్డంగా పెట్టి కాగితం లాగండి. నాలుగు వైపులా ఒకేలా పట్టుకోవాలి. ఎడమ పక్కన ప్లేటు పల్లంగా ఉంటే, బిట్టు దాటి వచ్చిన కట్టె అంచు బల్ల అంచుకు తగిలి ఆగుతుంది. ఆగిన ఆ క్షణంలోనే బిట్టు అదే చోట తిరుగుతూ నల్లటి మచ్చ వేస్తుంది. బీడింగ్ ముక్కలన్నిటి మీదా కొస నుంచి ఒకే దూరంలో కాలిన మచ్చలు కనిపిస్తే బిట్టును అనుమానించక ముందు ఈ మట్టం చూడండి.

ఫెన్స్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గునియా పెడితే బల్లకు 90 డిగ్రీలుండాలి, రెండు ముక్కలుగా జరగాలి, వెనక పొట్టు లాగే రంధ్రం ఉండాలి. ఆ రంధ్రం సాధారణంగా రెండున్నర అంగుళాలు. మన డ్రిప్ లైన్లకు వాడే 63 మి.మీ. పీవీసీ పైపు బయటి కొలత దానికి దాదాపు సరిపోతుంది, టేపు ఒక చుట్టు చుడితే గట్టిగా కూర్చుంటుంది. కట్టెను ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే నడపాలి. బిట్టుకూ ఫెన్స్‌కూ మధ్య కట్టెను దూర్చి నడిపితే అది చేతిలోంచి బాణంలా పోతుంది, వేళ్లు కూడా దాంతో పాటు ముందుకు పోతాయి. వేప కట్టెకు పీచు అటూ ఇటూ తిరిగి ఉంటుంది కాబట్టి ఒక్కసారికి 2 మి.మీ. మించొద్దు, చివరి కోత అర మి.మీ.తో ముగించండి. టేకులో ఇసుక లాంటి పదార్థం ఉంటుంది, హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టు ఒక్క దర్వాజకే మొద్దుబారుతుంది, కార్బైడ్ తప్పదు.

వేగం మార్చే వీలులేని రౌటర్ బల్ల కింద పెట్టేవాళ్లు ఒక లెక్క చూడాలి. మకీటా ఎం3600 లాంటిది ఎప్పుడూ 22,000 చుట్లే తిరుగుతుంది. ఆ వేగంలో 60 మి.మీ. ప్యానెల్ బిట్టు పెడితే దాని అంచు సెకనుకు 69 మీటర్లు, అంటే గంటకు దాదాపు 250 కిలోమీటర్లు పోతుంది. రెండు అంగుళాల దాకా బిట్టుకు 18,000, రెండున్నరకు 16,000, మూడు, మూడున్నరకు 12,000 మించకూడదు. ఫ్యాను రెగ్యులేటర్ లాంటిది బయట కలిపి వేగం తగ్గిస్తే బలం కూడా తగ్గుతుంది, కట్టె తగలగానే మోటారు కుంగిపోతుంది. రౌటర్లోనే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉంటే బరువు పడినా వేగం నిలబడుతుంది. ఎం3600 చెడ్డ మెషీను కానే కాదు, ఒక అంగుళం లోపు బిట్టులకు ఏళ్ల తరబడి నడుస్తుంది. పెద్ద ప్యానెల్ బిట్టులకు మాత్రం అది వద్దు.

స్విచ్ మీద ఎవరూ డబ్బు పెట్టరు, పెట్టాల్సింది అక్కడే. రౌటర్ స్విచ్ లాక్ చేసి పని చేస్తుంటే కరెంటు పోయింది. బిట్టు దగ్గర ఇరుక్కున్న ముక్కను తీద్దామని చెయ్యి పెట్టారు. కరెంటు వచ్చింది. ఈ ప్రమాదానికి మందు బోరు మోటార్లకు పెట్టే పచ్చ, ఎర్ర బటన్ల డీఓఎల్ (డైరెక్ట్ ఆన్ లైన్) స్టార్టరే. కరెంటు పోగానే అది ఆఫ్ అవుతుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కే దాకా రౌటర్ లేవదు. షాపులో అడిగేటప్పుడు కాయిల్ 230 వోల్టులదని గట్టిగా చెప్పండి, త్రీఫేజ్ స్టార్టర్లలో ఎక్కువ శాతం 415ది ఉంటుంది. 1,650 వాట్ల రౌటర్ 7 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టర్లోని ఓవర్‌లోడ్ రిలే 6 నుంచి 10 ఆంపియర్ల మధ్యది సరిపోతుంది. బాయికాడ వాడిన ఆటో స్టార్టర్ మిగిలి ఉందని దాన్ని మాత్రం బిగించొద్దు. కరెంటు రాగానే మోటారు ఎక్కించడమే దాని పని. మీ రౌటర్‌కు రీస్టార్ట్ రక్షణ ముందే ఉందేమో చూడాలంటే బిట్టు తీసేసి, స్విచ్ లాక్ చేసి, గోడ మీది ప్లగ్ ఆపి మళ్లీ వేయండి. తిరగకపోతే రక్షణ ఉన్నట్టే. అలాంటి రౌటర్ బయటి స్టార్టర్‌తో స్టార్ట్ కాదు కాబట్టి దాని సొంత స్విచ్ చేతికి అందేలా బల్ల చేయించాలి.

కోలెట్ విషయం షాపులోనే తేల్చుకోండి. షాంక్ అంటే కోలెట్‌లో దూరే బిట్టు కాడ, సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు సూత్‌ల షాంక్ అంటే 6.35 మి.మీ., 6 మి.మీ. షాంక్ వేరు. నాలుగు సూత్‌లంటే 12.7, 12 మి.మీ. వేరు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కోలెట్ ఎంత బిగించినా సన్నటి షాంక్ జారుతుంది. తలకిందులుగా ఉన్న రౌటర్లో జారిన బిట్టు కట్టెలోకి పైకి పాకుతుంది, గాడి కొసకు వచ్చేసరికి లోతు రెండింతలు ఉంటుంది. షాంక్‌ను కోలెట్ అడుగు దాకా దించి 3 మి.మీ. వెనక్కి లాగి బిగించాలి. కొనడానికి వెళ్లేటప్పుడు మీ దగ్గరున్న బిట్టులు, వెర్నియర్ జేబులో వేసుకుని వెళ్లండి. 6.00 చూపించినవి ఒక డబ్బాలో, 6.35 చూపించినవి ఇంకో డబ్బాలో పెట్టి మూతల మీద రాయండి.