ఏడో రోజు, ఏడో వారం: ఇంట్లోనే చదువు చెప్పే తల్లిగా ఏడేళ్లు పాటించాక

మా ముగ్గురు పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. మొదటి రెండేళ్లు విశ్రాంతి అన్న మాటే తెలియకుండా గడిచాయి. ఆ తర్వాత ఏడేళ్లుగా ఒక పద్ధతి పాటిస్తున్నాం. వారంలో ఒక రోజు చదువు పూర్తిగా ఆపేస్తాం. ఆరు వారాలు చదివాక ఏడో వారం మొత్తం సెలవు. హోమ్‌స్కూలింగ్ చేసే క్రైస్తవ కుటుంబాల్లో ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇన్నేళ్లు పాటించాక ఇది నాకేం ఇచ్చిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో రాస్తున్నాను.

ముందు ఆ రెండేళ్ల సంగతి చెప్పాలి. ఒంటి అలసట అయితే నిద్రపోతే తీరేది. నాది అది కాదు. బడికి వెళ్లే పిల్లలకు చదువు చెప్పేది ఒకరు, సండే స్కూల్లో వాక్యం చెప్పేది ఇంకొకరు, ఇంట్లో అమ్మ వేరు. మా ఇంట్లో అన్నీ నేనే. బిడ్డకు లెక్క రాకపోతే నా తప్పు, అబద్ధమాడితే నా తప్పు, రేపు విశ్వాసంలో నిలబడకపోతే అదీ నా తప్పే అనుకునేదాన్ని. పొద్దున కుటుంబ ప్రార్థన కూడా ఒక పీరియడ్ అయిపోయింది. వాక్యం చదవడం, కంఠస్థం అప్పజెప్పించడం, ప్రశ్నలు అడగడం. నేను బైబిలు తెరిచేది పిల్లలకు ఏం చెప్పాలా అని వెతుక్కోవడానికే. నా కోసం తెరిచి ఎన్ని నెలలైందో గుర్తు లేదు. ఒక రోజు మా పెద్దవాడు, అప్పటికి ఏడేళ్లు, "అమ్మా, నువ్వు ప్రార్థన చేసినా మాకు పాఠం చెప్తున్నట్టే ఉంటుంది" అన్నాడు. వాడు ఫిర్యాదు చేయలేదు, ఉన్నమాట చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదట అందరూ చెప్పే మందే వాడాను: తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఏకాంత ప్రార్థన. మూడు వారాలు చేశాను. మధ్యాహ్నానికల్లా పిల్లల మీద కేకలు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీ గురించి చదివి ఆమెలా ఉండాలనుకున్నాను. 19 మందిని కని, వారిలో బతికిన పది మందికి ఇంట్లోనే చదువు చెప్పిన తల్లి. తలమీదికి ఏప్రన్ కప్పుకుని ప్రార్థించేదని, ఆ సమయంలో పిల్లలు కదిలించేవారు కాదని చెబుతారు. ఆమె నుంచి నాకు నిజంగా పనికొచ్చింది ఆ ఏప్రన్ కాదు, మరొకటి. ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేది. గురువారం సాయంత్రం జాన్‌ది. పెద్దవాడయ్యాక కూడా ఆయన ఆ గురువారాన్ని మర్చిపోలేదు. పాఠం లేకుండా బిడ్డ పక్కన కూర్చోవచ్చని నాకు తట్టింది అక్కడే.

నా కళ్లు తెరిపించింది మాత్రం మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. ఏలీయా ప్రవక్త ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని బదరీ వృక్షం కింద పడుకున్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే, హోరేబు కొండ దగ్గర. ఇది చదివాక నాలుగింటి అలారం తీసేశాను. అది నాకు మొదటి విశ్రాంతి.

ఇక వారంలో ఒక రోజు సంగతి. ఆదివారం మాకు కుదరలేదు. నేను సండే స్కూల్ చెబుతాను, మావారు ఆరాధనలో పాటల బాధ్యత చూస్తారు. ఆదివారం సాయంత్రానికి ఇద్దరం అలసిపోయి ఉంటాం. అందుకని శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం వరకు పెట్టుకున్నాం. ఇది సరైనదేనా అని కొన్నాళ్లు మథనపడ్డాను. దినాల విషయంలో ఎవరి మనస్సులో వారు రూఢిపరచుకోవాలని రోమా పత్రిక 14లో ఉంది, అది నాకు చాలింది.

శుక్రవారం సాయంత్రం పుస్తకాలన్నీ ఒక పెట్టెలో పెట్టి మూత వేస్తాం. చేయడానికి సులువే. కష్టమంతా నాలోని టీచరుతో. పిల్లలు ఆడుకుంటుంటే "ఆ చెట్టు పేరేంటో చెప్పు" అని నోటిదాకా వచ్చేది. వాళ్లు పడుకున్నాక పెట్టె తెరిచి నోట్‌బుక్స్ దిద్దేదాన్ని. ఎవరూ చూడలేదు కదా అనుకునేదాన్ని. నిర్గమకాండం 16లో, అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను ఆరో రోజు రెండింతలు ఏరుకోమని చెప్పినా, ఏడో రోజు కొందరు బయటికి వెళ్లి వెతికారు. వారికేమీ దొరకలేదు. శుక్రవారం రాత్రి దిద్దిన నోట్‌బుక్స్ వల్ల నాకు దొరికిందీ అంతే. మానడానికి దాదాపు ఏడాది పట్టింది.

విశ్రాంతి దినం ఆజ్ఞకు బైబిల్లో రెండు కారణాలున్నాయి. నిర్గమకాండం 20లో దేవుడు ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడని. ద్వితీయోపదేశకాండం 5లో నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావని గుర్తుంచుకో అని. నాకు రెండోదే బాగా తగిలింది. ఇటుకలు చేసే ఆ దాసులకు గడ్డి ఇవ్వడం మానేసి కూడా ఇటుకల లెక్క తగ్గకూడదన్నాడు ఐగుప్తు రాజు ఫరో. నిద్ర లేదు, ఓపిక లేదు, అయినా సిలబస్ లెక్క తగ్గకూడదని నన్ను తరిమింది ఎవరు? మావారు కాదు, సంఘం కాదు. దేవుడు అసలే కాదు.

ఏడో వారం గురించి ఎక్కువమంది అడిగేది "వెనకబడరా?" అని. లెక్క చెబుతాను. ఏడాదికి 52 వారాలు. ఏడేసి వారాల విడతలు ఆరు వేస్తే 42. అందులో చదువు వారాలు 36. వారానికి ఐదు రోజుల చొప్పున 180 రోజులు. ఇంకా పది వారాలు మిగులుతాయి, అవి క్రిస్మస్‌కు, జ్వరాలకు, చుట్టాల రాకపోకలకు. మీరుండే చోట ఇన్ని రోజులు చెప్పాలనే నియమం ఉంటే ముందు అది చూసుకుని విడతలు వేసుకోండి. చదువు విషయంలో నేను గమనించింది: సెలవు తర్వాత లెక్కలు మళ్లీ గాడిలో పడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. చదవడం, రాయడం ఏమీ తగ్గవు. మా చిన్నమ్మాయి కూడబలుక్కోకుండా చదవడం మొదలుపెట్టింది ఒక సెలవు వారంలోనే, ఎవరూ అడక్కుండా.

అయినా భయం ఉంటుంది. లేవీయకాండం 25లో ఏడో ఏట భూమిని వదిలేయమన్నప్పుడు, మరి ఏం తినాలని ప్రజలు అడుగుతారని దేవుడు ముందే ఊహించి జవాబు చెప్పాడు. ఆ ప్రశ్నను ఆయన తప్పుపట్టలేదు. అది నాకు చాలా ఊరట.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి రెండేళ్లు ఏడో వారం ఇల్లు సర్దే వారంగా మారిపోయింది. ఆరు వారాలు పేరుకున్న పనంతా అందులోకే నెట్టేదాన్ని. ఇప్పుడు సర్దడానికి రెండు రోజులే. ఇంట్లో ఇద్దరూ ఒప్పుకోకపోతే ఇది నడవదు. మావారు ప్రతి విడతలో ఒక పూట పిల్లలను బయటికి తీసుకెళ్లడం మొదలుపెట్టాకే నాకు నిజమైన నిశ్శబ్దం దొరికింది. చంటిబిడ్డ ఉన్న తల్లులు దీన్ని ఇప్పుడే మొదలుపెట్టాలని నేను చెప్పను. విశ్రాంతి దినం మనుషుల కోసమే అన్నాడు యేసు, దాన్ని పాటించలేదని ఏడవడం కోసం కాదు. చదువు ఆపినంత మాత్రాన ఆత్మీయంగా తేటపడతామనీ లేదు. బైబిలు తెరిస్తే ఏమీ అనిపించని సెలవు వారాలు నాకు చాలానే ఉన్నాయి.

మారింది నా ప్రార్థన. మునుపు పిల్లల కోసం ప్రార్థిస్తే వాళ్లను ఎలా మార్చాలో దేవునికి చెప్పేదాన్ని. ఇప్పుడు సెలవు పూట ఒక్కో పేరు ఆయన ముందు పెట్టి ఊరుకుంటాను. ప్రయాసపడి భారం మోసేవారిని రమ్మన్న చోట, మత్తయి 11లో, కాడి తీసేస్తానని యేసు అనలేదు, నా కాడి ఎత్తుకోండి అన్నాడు. ఆ కాడికి అవతలి పక్క ఆయన ఉన్నాడని నాకు పనిలో ఉన్నప్పుడు తెలియలేదు, ఆగినప్పుడే తెలిసింది. పిల్లలకు నేను చెప్పగలిగింది వాక్యం. విశ్వాసం పుట్టించేది ఆయన.

ఈ విడతలో ఇది ఆరో వారం. పెద్దవాడి బీజగణితం ఒక అధ్యాయం మధ్యలో ఉంది, రెండోవాడి వ్యాసం సగమే అయింది. "అమ్మా, ఇంకో గంట కూర్చుంటే అయిపోతుంది కదా" అన్నాడు పెద్దవాడు. పెన్సిల్ పేజీ మధ్యలోనే ఉంచి పుస్తకం పెట్టెలో పెట్టమన్నాను.