కాకినాడలో గురువారం పల్మనరీ హైపర్‌టెన్షన్ క్లినిక్: నాలుగుసార్లు వెళ్లివచ్చాక

అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడకు ఈ ఆరు నెలల్లో మా చెల్లెలిని నాలుగుసార్లు తీసుకువెళ్లాను. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి (బీపీ) పెరిగే జబ్బుకు, గురువారాలు మాత్రమే నడిచే పల్మనరీ హైపర్‌టెన్షన్ క్లినిక్ గురించి ఈ సమీక్ష. వెళ్లదలచినవారు ముందే తెలుసుకోవలసిన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. అయినా ఐదుకు నాలుగు ఇస్తున్నాను. జబ్బు ఎక్కడ మొదలైందో, ఏ మాత్ర ఎందుకో రోగికి అర్థమయ్యేలా చెప్పే చోటు మాకు ఇంతకు ముందు దొరకలేదు.

మా చెల్లెలికి 42 ఏళ్లు. కాలువ గట్టు ఎక్కితే ఆయాసం వస్తోందంటే, వేరొక చోట ఏడాదిపాటు ఉబ్బసమని ఇన్‌హేలర్ వాడించారు. చలికాలం పొద్దున్నే చన్నీళ్లలో చేయి పెడితే వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడి, ఆ తరువాత నీలంగా మారతాయన్న సంగతి వారు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇక్కడి డాక్టరమ్మ గారు స్టెతస్కోపు తీయకముందే ఆమె చేతిని పట్టుకుని, వేలి మీది చర్మాన్ని మెల్లగా పైకి లాగి చూశారు. అది లేవలేదు. స్క్లెరోడెర్మా అనే ఈ జబ్బు చర్మాన్ని బిగించడంతో ఆగదనీ, రక్తనాళాల లోపలి పొర కణాలను కూడా దెబ్బతీస్తుందనీ, ఆయాసానికి మూలం అక్కడే ఉండవచ్చనీ చెప్పి ఎకో పరీక్ష (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) రాశారు.

ఆ లోపలి పొర కణాలనే ఎండోథీలియల్ కణాలంటారు. నాళం లోపలివైపు రక్తాన్ని ఆనుకుని ఒకే ఒక్క వరుసగా పరచుకుని ఉంటాయి. ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక, "కాలువకు వేసే సిమెంటు లైనింగ్ లాంటివా అండీ?" అని అడిగాను. "లైనింగ్ వేసినచోట పడి ఉంటుంది కదండీ. ఇవి లస్కర్ల లాంటివి. షట్టర్ ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకునేది ఇవే," అన్నారావిడ. తూము దగ్గర లస్కరు లేకపోతే దిగువ చేలకు ఏమవుతుందో ముప్పై ఏళ్లు చూసినవాణ్ణి; ఆ తరువాత నాకు మరో ఉపమానం అవసరపడలేదు.

చీటీ వెనుక బొమ్మ గీసి ఆవిడ చెప్పినది ఇదీ. ఈ కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌నూ, ప్రోస్టాసైక్లిన్‌నూ విడుదల చేసి నాళం చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తాయి. ఎండోథీలిన్‌ను విడుదల చేసి బిగిస్తాయి. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకువెళ్లే పల్మనరీ ధమనుల సన్నని కొమ్మల్లో ఈ కణాలు దెబ్బతిన్నప్పుడు మొదటి రెండూ తగ్గి, మూడవది పెరుగుతుంది. నాళం బిగుసుకోవడంతో పాటు దాని కండరం మందమవుతుంది, కొన్నిచోట్ల ఎండోథీలియల్ కణాలే అదుపు తప్పి పెరిగి దారిని పూడ్చేస్తాయి. ఆ ఇరుకులోకి రక్తాన్ని తోయలేక గుండె కుడి జఠరిక అలసిపోతుంది. 1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళపు ముక్కల మీద చేసిన ప్రయోగం గురించి కూడా చెప్పారు: లోపలి పొర చెక్కుచెదరని ముక్కలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగలగానే వదులయ్యాయి, పొర రుద్దుకుపోయిన ముక్కలు కాలేదు. పొర పంపే ఆ కబురు నైట్రిక్ ఆక్సైడేనని తరువాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్‌తో పాటు మరో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. ఓపీలో ఇంత చెప్పే తీరిక ఎక్కడిదని ఆశ్చర్యపోయాను. బయట టోకెన్ పట్టుకుని కూర్చున్నవారికి మాత్రం ఆ ఆశ్చర్యం కలిగి ఉండదు.

మందులు కూడా ఈ లెక్క ప్రకారమే రాశారు. నైట్రిక్ ఆక్సైడ్ కండరంలో పుట్టించే సంకేతాన్ని ఒక ఎంజైము చెరిపేస్తుంది. టడలఫిల్ ఆ ఎంజైమును ఆపుతుంది. ఎండోథీలిన్ వెళ్లి అతుక్కునే చోటును ఆంబ్రిసెంటాన్ మూసివేస్తుంది. గర్భంలోని శిశువుకు ఇది హాని చేస్తుంది కనుక, రాసేముందు నన్ను బయటకు పంపి చెల్లెలితో విడిగా మాట్లాడి గర్భ పరీక్ష చేయించారు. కాళ్లు వాస్తే వెంటనే ఫోన్ చేయమన్నారు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రను టడలఫిల్‌తో కలిపితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుందని చీటీ మీద ఎర్ర సిరాతో రాశారు. ప్రోస్టాసైక్లిన్ దారిలో పనిచేసే మందు ఇప్పుడే వద్దన్నారు.

ఇక ఇబ్బందులు. ఎకో అంచనా మాత్రమే చెబుతుంది. కుడి గుండెలోకి సన్నని గొట్టం పంపి, పల్మనరీ ధమనిలో సగటు పీడనం 20 మిల్లీమీటర్లు దాటిందో లేదో కొలిచాకే నిర్ధారణ. ఆ పరీక్ష ఇక్కడ లేదు, విశాఖపట్నం వెళ్లవలసివచ్చింది. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఒక ప్రయాణం తప్పేది. టడలఫిల్‌ను మగవారి లైంగిక సమస్యకూ వాడతారు కనుక, మందుల షాపులో ఆ చీటీ చూసి కౌంటర్‌లోని కుర్రాడు ముసిముసిగా నవ్వాడు. చెల్లెలు తల వంచుకుని బయటకు వచ్చేసింది. రెండవసారి డాక్టరమ్మ గారే చీటీ మీద "ఊపిరితిత్తుల బీపీకి" అని పెద్ద అక్షరాలతో రాశారు. ఆ పని అందరి చీటీల మీదా మొదటిసారే చేయాలి.

మా పక్కింటాయన తన ఎకో రిపోర్టు ఇచ్చి అవే మాత్రలు రాయించుకురమ్మన్నాడు. ఆయనకు ఎడమ గుండె కవాటం జబ్బు వల్ల ఒత్తిడి వెనక్కి పేరుకుంటోందనీ, ఆ రకానికి ఈ మందులు మేలు చేయవనీ, మనిషిని చూడకుండా రాయబోననీ ఆవిడ ఖండితంగా చెప్పారు. ఆయనకు కోపం వచ్చింది కానీ, నాకు క్లినిక్ మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

టోకెన్లు ఉదయం 8 గంటలకు ఇస్తారు. పాత ఎకో రిపోర్టులన్నీ వెంట తీసుకువెళ్లండి. ఆరు నిమిషాల నడక పరీక్షకు వేరే స్థలం లేక జనం తిరిగే వరండాలోనే నడిపిస్తున్నారు. మొదటిసారి 290 మీటర్లు నడిచిన మా చెల్లెలు నాలుగోసారి 372 నడిచింది. మధ్యలో స్ట్రెచర్ అడ్డురాకపోతే 400 దాటేదానినని ఇంటికి వచ్చేదాకా సణుగుతూనే ఉంది.