16 అంగుళాల వయోలా: వయొలిన్ నుంచి మారేవారికి సరిపోతుందా?

వయోలా అంటే వయొలిన్ లాగే భుజం మీద పెట్టి కమానుతో వాయించే, దానికన్నా కాస్త పెద్ద వాయిద్యం. అది మంచిదో కాదో తేల్చేది సి తీగ. జి, డి, ఎ తీగలు వయొలిన్‌లో ఉన్నవే కాబట్టి వాటి మీద ఓ మోస్తరు వాయిద్యం కూడా ఫరవాలేదనిపిస్తుంది. పైన ఇ తీగ పోయి అడుగున సి చేరుతుంది. 131 హెర్ట్‌జ్ దగ్గర మోగే ఆ తీగ కోసమే వయొలిన్ వాళ్లు ఇటు వస్తారు. చవకరకం వయోలాలు తేలిపోయేదీ అక్కడే.

కారణం కొలతల్లోనే ఉంది. వయోలా వయొలిన్ కన్నా ఒక పంచమం (స నుంచి ప వరకు ఉన్నంత దూరం) కింద పలుకుతుంది. వయొలిన్ బాడీ, అంటే మెడ కాకుండా పెట్టె పొడవు, 14 అంగుళాలు. ఆ లెక్కన వయోలా బాడీ ఒకటిన్నర రెట్లు, అంటే 21 అంగుళాలు ఉండాలి. అంత పొడుగు భుజం మీద మోయలేం కనుక 15 నుంచి 17 అంగుళాల మధ్య సర్దుకున్నారు. అందుకే మంద్రంలో సి తీగకు బాడీ నుంచి దక్కాల్సినంత బలం దక్కదు. వయోలాకు ఉన్న ఆ కాస్త బొంగురు గొంతు, ముక్కుతో పలికినట్టుండే ఆ నాదం కూడా ఈ సర్దుబాటు నుంచే వచ్చాయి. వయొలిన్‌తో ఏళ్ల తరబడి కుదరని మనసు ఒక్కోసారి ఆ గొంతు దగ్గర ఆగిపోతుంది.

పెద్దదైతే బాగా మోగుతుందని 16.5 అంగుళాలకు తొందరపడకండి. ముందు ఈ పరీక్ష చేయండి. సి తీగ మీద మొదటి స్థానంలో (చేయి మెడ చివర, మరల దగ్గర ఉన్నప్పుడు) చూపుడు వేలు డి స్వరం మీద పెట్టి, దాన్ని లేపకుండా చిటికెన వేలు జి మీదకు తేవాలి. పక్కనున్న ఖాళీ జి తీగతో కలిపి కమాను లాగితే రెండూ ఒకే శ్రుతిలో కలవాలి. చిటికెన వేలు కర్రలా చాస్తే తప్ప అందకపోయినా, బొటనవేలి మొదట్లో లాగినట్టున్నా అర అంగుళం తగ్గించండి. వయొలిన్‌లో మోగే తీగ పొడవు సుమారు 32.5 సెంటీమీటర్లు, 16 అంగుళాల వయోలాలో సుమారు 37. ప్రతి స్వరం దగ్గరా వేళ్లు ఏడో వంతు ఎక్కువ చాపాలి. మధ్యస్థమైన చేతులకు 15.5 లేదా 16 చాలు. 14 అంగుళాలది మాత్రం వయొలిన్ బాడీకే సి తీగ కట్టినట్టు, అది పిల్లలకే.

కొట్లోనే సి, జి తీగల మీద అర మెట్టు చొప్పున పైకి వెళ్తూ వినండి. ఎక్కడో ఒక స్వరం వణికి గుర్రుమంటుంది. దాన్నే వుల్ఫ్ నోట్ అంటారు. చాలా వయోలాల్లో కొంత ఉంటుంది. బాగా పైస్థానాల్లో ఉంటే పట్టించుకోనక్కర్లేదు. సౌండ్‌పోస్ట్ (బాడీ లోపల నిలబెట్టిన చిన్న కర్ర) కాస్త జరపడం వల్లో, బ్రిడ్జికీ (తీగలను ఎత్తి పట్టే చెక్క) టెయిల్‌పీస్‌కీ (తీగల కింది చివరలు కట్టే ముక్క) మధ్య తీగకు చిన్న లోహపు గొట్టం బిగించడం వల్లో తగ్గుతుంది. మొదటి స్థానంలోనే ఉంటే ఆ వాయిద్యం వద్దు. వేళ్లు నొక్కే పలక, అంటే ఫింగర్‌బోర్డు, చివర తీగల ఎత్తు కూడా కొలవండి: ఎ దగ్గర సుమారు 5, సి దగ్గర సుమారు 6 మిల్లీమీటర్లు. అంతకు మించితే వేలు నొప్పెడుతుంది, శ్రుతి కూడా పైకి జారుతుంది.

చవక సెట్లతో వచ్చే తీగలు దాదాపు ఎప్పుడూ మార్చాల్సినవే. ఒక్కటే మార్చగలిగితే సి మార్చండి. టంగ్‌స్టన్ చుట్టిన స్పైరోకోర్ రకం సి త్వరగా పలుకుతుంది. ఎ తీగ కీచుమంటే లార్సెన్ కంపెనీ ఎ వేసి చూడండి. ప్యాకెట్ మీద పొడవు తప్పక చూసుకోవాలి, 15 అంగుళాలకూ 16.5కూ ఒకే తీగ సరిపోదు.

వయొలిన్ కమానుతో నెట్టుకొద్దామనుకుంటారు చాలామంది. వయొలిన్‌ది దాదాపు 60 గ్రాములు, వయోలాది దాదాపు 70. తేలిక కమాను సి తీగ మీద జారిపోయి గాలి శబ్దం చేస్తుంది. దాన్ని వేగంతో సరిచేయబోతే ఇంకా చెడుతుంది. కమానును ముందు తీగ మీద ఆనించి, అది పట్టుకుందని తెలిశాక, నిదానంగా, బరువుతో లాగండి. ఎడమ మోచేయి వయొలిన్‌కన్నా లోపలికి రావాలి, వైబ్రాటో (స్వరం ఊగేలా వేలు ఆడించడం) వెడల్పుగా, నెమ్మదిగా ఉండాలి.

పై పాట ఎప్పుడూ తన చేతిలోనే ఉండాలనుకునేవారికి వయోలాను సిఫారసు చేయం. నాలుగు తీగవాయిద్యాలు కలిసి వాయించే క్వార్టెట్‌లో దాని చోటు మధ్యలో. కింద చెల్లో, పైన రెండు వయొలిన్లు ఏం చేస్తున్నాయో అక్కడ కూర్చుంటేనే పూర్తిగా వినబడుతుంది, స్వరసమ్మేళనం రంగు మార్చే స్వరం తరచూ ఈ వాయిద్యానికే వస్తుంది. వయొలిన్ వాద్యకారుడైన విలియం ప్రింరోజ్ 1930లో లండన్ స్ట్రింగ్ క్వార్టెట్‌లో వయోలా వాద్యకారుడిగా చేరి వయొలిన్‌ను పక్కన పెట్టారు.

ఇక ఆల్టో క్లెఫ్, అంటే వయోలా సంగీతం రాసే గీతల మీద ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు. నడిమి గీత మీద ఉండేది మధ్య సి. వయొలిన్ వాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది: ఆ పేజీని ట్రెబుల్ క్లెఫ్ (వయొలిన్‌కు వాడే గుర్తు) అనుకుని వయొలిన్ మూడో స్థానంలో ఏ వేలు, ఎన్నో తీగ మీద పడుతుందో చూసి, వయోలా మొదటి స్థానంలో అదే వేలు వేయడం. మొదటి రోజుకు పనికొస్తుంది. షార్పులు, ఫ్లాట్లు మధ్యలో రాగానే, స్థానం మారగానే తప్పుతుంది. కాబట్టి సి తీగ మీది స్వరాలతో మొదలుపెట్టి పేర్లతోనే చదవడం అలవాటు చేసుకోండి.