నోల్ చూడండి, రాత్రికి మాత్రం ఉండకండి

నోల్ అనే పాత భవంతి ఉన్న సెవెనోక్స్‌లో రాత్రి బస అక్కర్లేదు, ముందే చెప్పేస్తున్నా. లండన్ నుంచి రైల్లో అరగంట పైచిలుకు, అంతే. అది తెలియక 118 పౌండ్లు పోసి చిన్న లాడ్జి బుక్ చేశాను. ఫొటోలో బాత్‌రూమ్ గదిలోనే ఉంది. తీరా ఇచ్చింది అటక గది, బాత్‌రూమ్ ఒక అంతస్తు కింద. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రాత్రి రెండుసార్లు దిగి ఎక్కింది, తెల్లారేసరికి నాతో మాటలు బంద్. ఓనరమ్మను నిలదీస్తే "ఆ ఫొటో వేరే గదిది" అని నవ్వింది. పైసా వాపసు లేదు. టిఫిన్‌కు మళ్లీ 9.50.

నోల్ పార్కులో జింకల్ని చూశాక అమ్మ ముఖం కాస్త విచ్చుకుంది.

నోల్‌ను ఇల్లు అంటారు గానీ చిన్న ఊరంత ఉంటుంది. 365 గదులని చెప్పుకుంటారు. 1456లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కొని కట్టించాడు. తర్వాత రాజు ఎనిమిదో హెన్రీ లాగేసుకున్నాడు. 17వ శతాబ్దం మొదట్లో శాక్‌విల్ కుటుంబం చేతికొచ్చింది. పాత బట్టలు వెలిసిపోకుండా లోపల వెలుతురు బాగా తగ్గించారు. ఒక సోఫాకు రెండు పక్కలా చేతుల్ని తాళ్లతో కట్టి నిలబెట్టారు, అది మాత్రం కళ్లు చికిలించైనా చూడాలి.

రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్ ఇక్కడే 1892లో పుట్టింది. 1928లో తండ్రి పోతే, ఆడపిల్ల కాబట్టి ఇల్లు ఆమెకు కాక బాబాయికి వెళ్లింది. అదే ఏడు ఆమె స్నేహితురాలు వర్జీనియా ఊల్ఫ్ 'ఓర్లాండో' నవల ప్రచురించింది. మగవాడిగా పుట్టి మధ్యలో ఆడదై మూడొందల ఏళ్లు దాటి బతికే మనిషి కథ. అందులోని ఇల్లు నోలే.

అక్కడ ఇదంతా చెబుతున్న పెద్దావిడ మాటల్ని అమ్మకు తెలుగులో చెప్పాను.

"ఒక్కతే కూతురా?" అంది అమ్మ. రాత్రి నుంచీ అదే మొదటి మాట.

"ఒక్కతే."

"అక్కడ రామారావు పుట్టలేదు మరి."

ఆ రామారావెవరని పెద్దావిడ అడిగింది. సినిమా హీరో, ముఖ్యమంత్రి, ఆడపిల్లలకు ఆస్తిలో వాటా ఇచ్చాడని చెప్పాను. ఒకటి చెప్పలేదు. ఆ చట్టం 1985 సెప్టెంబరుకు ముందే పెళ్లయిన కూతుళ్లకు వర్తించలేదు. అమ్మ పెళ్లి 1983లో. పొలం మామయ్య పేరనే ఉంది.

పెద్దావిడ కుర్చీ తెచ్చి వేసింది. అమ్మ పది నిమిషాలు కదల్లేదు.

"తర్వాత ఆ పిల్ల ఎక్కడుంది?"

"1930లో సిసింగ్‌హర్స్ట్ అని పాడుబడ్డ కోట కొనుక్కుంది. ఇదే కెంట్ కౌంటీలో."

"రేపు అక్కడికి పోదాం. రాత్రికి మాత్రం లండన్ వచ్చేయాలి."