మాన్‌హట్టన్‌లో మూడు రాత్రులు బొటిక్ హోటల్, రెండు రాత్రులు పెద్ద హోటల్

గది తలుపు తీయగానే అక్క అన్న మొదటి మాట, "మిగతా గది ఏదే?"

న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్‌లో, మాడిసన్ అవెన్యూకి ఆనుకున్న ఒక వీధిలో ఉంది మా బొటిక్ హోటల్, అంటే ప్రత్యేకమైన అలంకరణతో ఉండే చిన్న హోటల్. రెండు సన్న మంచాలు, మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి, గోడకి బిగించిన చిన్న బల్ల. 180 చదరపు అడుగులని బుక్ చేసేటప్పుడే చదివాను. చదవడం వేరు, అందులో రెండు పెద్ద సూట్‌కేసులతో దిగడం వేరు. ఒక పెట్టె తెరవాలంటే రెండోది మంచమెక్కాలి. బాత్రూమ్‌కి తలుపు బదులు పక్కకి జరిగే మసక అద్దం, దానికి గడియ లేదు. అక్కాచెల్లెళ్ళం కాబట్టి సరిపోయింది. ఆఫీసువాళ్ళతో గది పంచుకునేవాళ్ళు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

కింద లాబీ మాత్రం మా గదులు పది పట్టేంత ఉంది. వెల్వెట్ సోఫాలు, నిలువెత్తు పుస్తకాల అరలు, చీకటి పడ్డాక నిండిపోయే బార్. ఇలాంటి హోటళ్ళ లెక్కే అంత: గది పడుకోవడానికి, లాబీ కూర్చోవడానికి. డబ్బంతా మనం కూర్చునే చోటే ఖర్చు పెడతారు.

ఈ పద్ధతికి పేరొచ్చింది కూడా ఆ పేటలోనే. లండన్‌లో బ్లేక్స్ అనే ఇలాంటి హోటల్ 1978లోనే ఉంది కానీ, 1984లో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రూబెల్ కలిసి మాడిసన్ అవెన్యూ 237 నంబరులో మోర్గాన్స్ అనే హోటల్ తెరిచాక 'బొటిక్ హోటల్' అన్న మాట అందరి నోటా పడింది. అంతకుముందు వాళ్ళు స్టూడియో 54 అనే నైట్‌క్లబ్ నడిపినవాళ్ళు. జనాన్ని ఒక హాల్లో కూర్చోబెట్టి కదలకుండా చేయడం వాళ్ళకి చేతిలో పని. లోపలి అలంకరణ ఆంద్రే పుట్‌మన్ అనే ఫ్రెంచ్ డిజైనర్‌ది. బాత్రూముల్లో ఆవిడ వేయించిన నలుపు తెలుపు గళ్ళ టైల్స్ తర్వాత ఎన్ని హోటళ్ళలో కనిపించాయో లెక్కలేదు. మా బాత్రూమ్‌లోనూ అవే. మోర్గాన్స్ 2017లో మూతపడింది. అయినా ఒక సాయంత్రం ఆ భవనం దాకా నడిచి వెళ్ళాం. "మూసేసిన హోటల్ చూడ్డానికి ఇంత దూరం నడిపించావా?" అంది అక్క. పక్కనే 36వ వీధి దగ్గర మోర్గాన్ లైబ్రరీ చూపించాక కాస్త చల్లబడింది.

ఇక బిల్లు. రాత్రికి 390 డాలర్లని చూసి మురిసిపోయాను. దానిమీద రోజుకి 35 డాలర్లు 'డెస్టినేషన్ ఫీ' ఉంది. వైఫై, జిమ్, బార్‌లో ఒక డ్రింకు అందులోనివేనట, మేమిద్దరం తాగం. ఇలాంటి తప్పనిసరి ఫీజులు చూపించే ధరలోనే కలిపి చెప్పాలని 2025 మే 12 నుంచి అమెరికా అంతటా రూల్ వచ్చింది కాబట్టి ఇప్పుడు దొంగదెబ్బ తగలదు. పన్నులు మాత్రం విడిగా చూపించొచ్చు. న్యూయార్క్‌లో అవి 14.75 శాతం, ఆపైన రాత్రికి 3.50 డాలర్లు. మూడు రాత్రులకి 1,170 అనుకున్నది చివరికి 1,473 డాలర్ల 56 సెంట్లు అయింది. ఇది కాక చెకిన్‌లో కార్డు మీద రోజుకి 100 డాలర్ల చొప్పున హోల్డ్ పెట్టారు, అంటే ఆ డబ్బు మనం వాడుకోకుండా ఆపి ఉంచారు. గది ఖాళీ చేసిన ఐదు రోజులకి గానీ అది విడవలేదు. డెబిట్ కార్డు ఇచ్చి ఉంటే ఊరుగాని ఊళ్ళో ఇరుక్కునేదాన్ని.

మొదట ఇచ్చిన గది కిటికీ తెరిస్తే చేయి చాపేంత దూరంలో ఇటుక గోడ. అడిగితే తొమ్మిదో అంతస్తులో వీధి వైపు గదికి మార్చారు, పైసా తీసుకోలేదు. వెలుతురొచ్చింది, దాంతోపాటు రాత్రి ఒంటిగంటకి చెత్త లారీ కూడా వచ్చింది. మాన్‌హట్టన్‌లో షాపుల చెత్త ప్రైవేటు లారీలు ఎక్కువగా రాత్రిళ్ళే ఎత్తుతాయి. చెవుల్లో పెట్టుకునే దూది ఉండలు టేబుల్ మీద ఎందుకు పెట్టారో అప్పుడర్థమైంది.

మినీబార్, అంటే గదిలో డ్రింకులు పెట్టి ఉంచే చిన్న ఫ్రిజ్, దాని కథ ఇంకొకటి. అక్క తన మందుల డబ్బా పెట్టుకోవడానికి అందులోని రెండు సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. మర్నాడు బిల్లులో 28 డాలర్లు! సీసా కదిలితే చాలు, సెన్సర్ లెక్క రాసేస్తుందట. కౌంటర్‌లో చెప్పగానే బిల్లులోంచి తీసేశారు. మందులకైతే ఖాళీ ఫ్రిజ్ విడిగా ఇస్తామన్నారు, పది నిమిషాల్లో తెచ్చారు కూడా.

అక్కకి పొద్దున్న లేవగానే వేడినీళ్ళు కావాలి. గదిలో కెటిల్ లేదు. మొదటి రోజు ఫోన్ చేస్తే రాత్రి డ్యూటీలో ఉన్న పెద్దాయన ఫ్లాస్కుతో వచ్చాడు. ఎన్నింటికి లేస్తారని అడిగి వెళ్ళాడు. రెండో రోజు మేం ఫోనే చేయలేదు. ఆరింటికి తలుపు తీస్తే గుమ్మం పక్కన ఫ్లాస్కు, రెండు కప్పులు, మడిచిన తెల్ల నాప్‌కిన్. మూడో రోజూ అంతే. వెళ్ళేటప్పుడు హౌస్‌కీపింగ్‌కి రోజుకి ఐదు డాలర్ల చొప్పున టిప్ పెట్టాం. ఆయనకి వేరే కవర్‌లో పెట్టి ఇచ్చింది అక్క, ఎంతో నాకు చెప్పలేదు.

తర్వాత రెండు రాత్రులు ఎనిమిదో అవెన్యూ వైపు నలభై అంతస్తుల హోటల్లో ఉన్నాం. రాత్రికి 80 డాలర్లు తక్కువ, గది దాదాపు రెట్టింపు. పెట్టెలు రెండూ ఒకేసారి తెరిచి నేల మీద పరుచుకున్నాం, అక్క మొహం వెలిగిపోయింది. చెకిన్ అంతా మెషీన్‌తోనే, లిఫ్టు దగ్గర ఎప్పుడూ క్యూ. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి, సామాను ఎక్కువున్నవాళ్ళకి నేనైతే దీన్నే చెబుతాను.

మర్నాడు ఆరింటికి అక్క తలుపు కొంచెం తెరిచి కిందికి చూసింది. కారిడార్‌లో కార్పెట్ తప్ప ఏమీ లేదు. "అలవాటు చేసి వదిలేశారు" అని గొణిగి, కాఫీ మెషీన్‌లోంచి కాఫీ రాకుండా ఉత్త వేడినీళ్ళు ఎలా రప్పించాలో చూడమని నన్ను లేపింది.