బట్టమేకా, కలివికోడా: మన సాయం ముందు దేనికి?

ఆదివారం పొద్దున బెంగళూరు లాల్‌బాగ్ బండ మీద కలిసే మా తెలుగు పక్షుల గుంపులో నాది బద్వేలు. ఇంకో తమ్ముడిది నందికొట్కూరు. ఈ ఏడాది పోగైన చందా ఏ పిట్టకిద్దామన్న మాట వచ్చేసరికి, "రోళ్లపాడు బోసిపోయిందన్నా, బట్టమేకకు కాక ఇంకెవరికిస్తాం?" అన్నాడు.

తన బాధ నాకు తెలుసు. 1988లో బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే తన ఊరివైపు ఉన్న రోళ్లపాడును అభయారణ్యం చేశారు. చుట్టూ గడ్డినేలలు పొలాలయ్యాయి, పిట్ట పోయింది. పదిహేను కిలోల దాకా తూగే పక్షి. కళ్లు తలకు పక్కగా ఉండటంతో ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగా కనబడదు, కనబడినా అంత బరువుతో చప్పున పక్కకు తిరగలేదు. పెట్టేదేమో మామూలుగా ఒక్క గుడ్డు. దేశం మొత్తం మీద 150 మించి లేవని అంచనా. మనకు దగ్గర్లో అంటే బళ్లారి వైపు సిరుగుప్పలో నాలుగైదు కనిపిస్తే గొప్ప.

నా మనసులో ఉన్నది మాత్రం మా వైపు పిట్ట, కలివికోడి. దానికి బట్టమేకతో చుట్టరికం దూరం, అది తీతువుల వైపు జాతి. జానెడు పైన ఉంటుంది, కలివి పొదల మధ్య రాత్రిళ్లు తిరుగుతుంది. 1900 తర్వాత కనబడక అంతరించిందనే అనుకున్నారు. 1986లో మా కడప వైపు లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికింది. దానికోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. తెలిసిన గుడ్డు ఒక్కటే, స్కాట్లాండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది. మన పక్కనున్న కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన ఒక పశువైద్యుడి సేకరణ అది. అది కలివికోడి గుడ్డేనని 2013లో డీఎన్‌ఏ పరీక్షతో తేల్చారు.

ప్రమాదం లెక్కలో రెండూ ఒకే మెట్టు మీదున్నాయి, క్రిటికల్లీ ఎండేంజర్డ్, అంటే అంతరించిపోయే అంచున. అయినా నా ఓటు కలివికోడికే. బట్టమేకకు జైసల్మేర్‌లో పెంపక కేంద్రం ఉంది, అక్కడ పిల్లలు పుడుతున్నాయి. దాన్ని చంపే కరెంటు తీగల మీద సుప్రీంకోర్టు దాకా వాదన నడిచింది. కలివికోడికి బోనులో ఒక్క జత కూడా లేదు. 2025లో కూత రికార్డయ్యాక కూడా, ఎన్ని ఉన్నాయంటే చెప్పేవాళ్లు లేరు.

దాన్ని వెతకడానికి పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక మూడు వేళ్ల అడుగులు పడ్డాయేమో వంగి చూస్తారు. ఆ మట్టి మోసేది, రోజూ పోయి చూసేది ఊరివాళ్లే. వాళ్ల కూలికి మన చందా సరిపోతుందని చెప్పాను. తమ్ముడు కాసేపు ఆలోచించి, "సరే అన్నా, కానీ సిరుగుప్పకు ఒకసారి పోదాం" అన్నాడు. సంక్రాంతి సెలవుల్లో పోతున్నాం.